క్యాన్సర్ పిల్లల దీర్ఘకాల ఆసుపత్రి వాసం – సహాయక సంరక్షణ (గోదావరి డెల్టా)

నిర్వచనం, పరిధి

క్యాన్సర్ వచ్చిన పిల్లలు చికిత్స కోసం నెలల తరబడి ఆసుపత్రిలోనో, ఆసుపత్రి దగ్గర అద్దె గదిలోనో ఉండవలసి వస్తుంది. ఆ కాలంలో మందులకు తోడుగా పిల్లలకూ, వెంట ఉన్న పెద్దలకూ అందే సాయాన్ని సహాయక సంరక్షణ అంటారు. తిండి, బస, ప్రయాణం, నొప్పి తగ్గించడం, రక్తం సమకూర్చడం, ఆట, చదువు, బిడ్డతో మాట్లాడే తీరు ఇందులోకి వస్తాయి. వైద్య గ్రంథాల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి గానీ వార్డులో ‘పక్కన ఉండడం’ అంటే సరిపోతుంది.

ఈ వ్యాసం పరిధి గోదావరి డెల్టా. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను 2022 ఏప్రిల్ 4న పునర్విభజించారు. డెల్టా ప్రాంతం ఇప్పుడు తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో పరుచుకుని ఉంది.

పిల్లల క్యాన్సర్లలో దాదాపు మూడో వంతు రక్త క్యాన్సర్లు. వాటిలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఆసుపత్రుల్లో దీన్ని ‘ఏఎల్ఎల్’ అంటారు. మెదడు గడ్డలు, లింఫోమాలు, మూత్రపిండంలో వచ్చే విల్మ్స్ గడ్డ, కంటిలో వచ్చే రెటీనోబ్లాస్టోమా, ఎముక క్యాన్సర్లు ఆ తరవాతివి. ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారులకు క్యాన్సర్ వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సంపన్న దేశాల్లో వీరిలో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద దేశాల్లో అది 30 శాతం లోపే. వాడే మందులు చాలావరకు అవే. తేడా ఎక్కువగా రోగాన్ని ఆలస్యంగా గుర్తించడంలో, చికిత్స మధ్యలో మానెయ్యడంలో, ఇన్ఫెక్షన్లను ఎదుర్కోలేకపోవడంలో ఉంది. సహాయక సంరక్షణ ఈ మూడింటిలో చివరి రెండింటిని నేరుగా తాకుతుంది.

చరిత్ర: భీమవరం నుంచి బోస్టన్ దాకా

పిల్లల రక్త క్యాన్సర్‌కు మందు అనేది 1947 దాకా లేదు. బిడ్డ కొన్ని వారాలకో నెలలకో చనిపోయేది. ఆ స్థితి మారడానికి కారణమైన వారిలో ఒకరు ఈ డెల్టా మనిషే. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో కొంతకాలం చదివి, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి అమెరికా వెళ్ళారు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. ఆ వ్యాధికి మందుగా పనిచేసే ఫోలిక్ ఆమ్లం మీద ఆయనకున్న పట్టుదలకు ఆ దుఃఖం ఒక కారణమని జీవితచరిత్రకారులు రాస్తారు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, ఆ వెంటనే దానికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ వంటి మందులను తయారుచేసింది.

బోస్టన్‌లో పిల్లల వ్యాధుల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఆ అమినాప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా నయమైనట్టు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టు 8న సుబ్బారావు కన్నుమూశారు. అమినాప్టెరిన్ తరవాత వెనకబడింది. మెథోట్రెక్సేట్ మాత్రం నేటికీ ఏఎల్ఎల్ చికిత్సలో ఉంది.

రెండో మందు డెల్టా పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. మధుమేహానికి పనికొస్తుందన్న నాటువైద్యుల మాట పట్టుకుని 1950లలో దాన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులకు తెల్లకణాలను తగ్గించే గుణం కనబడింది. దాన్నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో వాడకానికి వచ్చింది. ఈ సంగతి విన్న బంధువులు ఆకు కషాయం పట్టించబోవడం జరుగుతూ ఉంటుంది. ఆకులోని పాళ్ళు లెక్కకు అందవు. అది విషమే తప్ప చికిత్స కాదు.

సంరక్షణ చరిత్ర వేరే దారిలో నడిచింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా ఇంగ్లండులో, అమెరికాలో పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను వారానికి కొన్ని గంటలే రానిచ్చేవారు. 1952లో ఇంగ్లండులో సామాజిక కార్యకర్త జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాపను చిత్రీకరించి చూపాక వాదం మొదలైంది. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ తల్లిని బిడ్డ దగ్గర ఉండనివ్వాలని సిఫారసు చేసింది. మన వార్డుల్లో సాధారణంగా తల్లిని బయటికి పంపలేదు. మంచం కింద చాప, దాని మీద అమ్మమ్మ, తలదగ్గర టిఫిన్ క్యారియరు ఇక్కడ ఎప్పుడూ ఉన్నవే. అక్కడ పోరాడి సాధించుకున్నది ఇక్కడ అలవాటుగా ఉంది. ఆ మనిషి పడుకోవడానికి మంచం, స్నానానికి నీళ్ళు, తినడానికి తిండి సంగతి మాత్రం చాలాకాలం ఎవరి లెక్కలోనూ లేదు.

చికిత్సా కేంద్రాలు, దూరాలు

డెల్టాకు దగ్గరలో రాజానగరంలోని జీఎస్ఎల్ వైద్య సంస్థకు అనుబంధంగా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు (స్థాపన 1958) అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, 2023లో రాజమండ్రి, ఏలూరుల్లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు తొలి పరీక్షలకూ, అత్యవసరానికీ దగ్గరి చోట్లు. పిల్లల క్యాన్సర్ చికిత్సకు చాలా కుటుంబాలు విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ (1955), బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి (2000) వంటి చోట్లకు గానీ వెళతాయి.

రాజమండ్రి నుంచి విశాఖ రైలులో సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాద్ అందుకు రెట్టింపు. అమలాపురానికి రైలు ఇంకా చేరలేదు కనుక కోనసీమవారు ముందు బస్సులో రాజమండ్రికో కాకినాడకో రావాలి. క్యాన్సర్ రోగికి రైల్వే స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ ఇస్తుంది. తోడు వెళ్ళేవారికి ఆ తరగతుల్లో 75 శాతం. దీనికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అది అడిగితే తప్ప ఇవ్వరు కాబట్టి మొదటి వారంలోనే అడిగి పుచ్చుకోవడం మంచిది.

ఆసుపత్రి వాసం: దశలు

ఏఎల్ఎల్ చికిత్స మొత్తం రెండు నుంచి మూడేళ్ళు. మొదటి దశ నాలుగైదు వారాలు. వారానికోసారి విన్‌క్రిస్టిన్, రోజూ స్టెరాయిడ్ మాత్రలు, ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు, వెన్నులో మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఈ వారాల్లో బిడ్డ ఎక్కువగా వార్డులోనే ఉంటుంది. తరవాతి ఆరు నుంచి ఎనిమిది నెలలు డే కేర్‌కూ వార్డుకూ మధ్య తిరుగుడు. ఊరికి వెళ్ళే వీలు ఉండదు. ఆపైన ఏడాదిన్నర, రెండేళ్ళు ఇంటి దగ్గరే మాత్రలతో సాగే దశ.

అక్యూట్ మైలాయిడ్ లుకేమియా పిల్లలు మరింత గట్టి మందుల వల్ల ఒక్కో విడతకూ వారాల తరబడి పడకలోనే ఉంటారు. మూలకణ మార్పిడి చేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు ఒంటరి గది. గడ్డల విషయంలో శస్త్రచికిత్స, రేడియేషన్ షెడ్యూలును బట్టి వాసం మారుతుంది. (చూ. రేడియోథెరపీ, మూలకణ మార్పిడి.)

జ్వరం, కౌంట్లు, వరద

తల్లులు మొదట నేర్చుకునే మాట ‘కౌంట్లు’. కీమో ఇచ్చాక వారం, పది రోజులకు తెల్లకణాల్లో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. అవి 500 లోపున ఉన్నప్పుడు వచ్చే జ్వరం అత్యవసరం. ఆసుపత్రి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలన్నది ప్రమాణం. 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా, ఒక్కసారి 101 తాకినా బయలుదేరాలి. పారాసెటమాల్ వేసి చూద్దామనడం, ఊళ్ళో ఆర్ఎంపీ చేత తుంటికి సూది వేయించడం రెండూ ప్రమాదమే. మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న బిడ్డకు కండలోకి ఇచ్చిన సూది దగ్గర రక్తం గడ్డకట్టి వాపు వస్తుంది.

డెల్టాలో ఈ గంట లెక్కకు గోదావరి అడ్డు పడుతుంది. లంక గ్రామాలకు చాలాచోట్ల పడవే దారి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. 1986 ఆగస్టు వరద అంతకన్నా పెద్దది. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా కౌంట్లు పడే వారం వస్తుందంటే లంకలో ఇల్లున్న కుటుంబం ముందే గట్టుకు ఇవతల బంధువుల ఇంట్లోనో, ఆసుపత్రి దగ్గరి బసలోనో దిగడమే ఆచరణలో పనిచేసే మార్గం.

ఇంకొక స్థానిక ఇబ్బంది ఆటలమ్మ. పక్కింటి పిల్లకు ‘అమ్మవారు పోసింది’ అని తెలిసినా ఆ మాట బయటికి అనకపోవడం, వేపమండలు కట్టి ఊరుకోవడం పల్లెల్లో ఉంది. మామూలు పిల్లలకు అది వారం రోజుల చిరాకు. కీమోలో ఉన్న బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. తాకిడి జరిగిన మూడు నాలుగు రోజుల్లోపు వైద్యుడికి చెబితే రక్షణ మందులు ఇచ్చే వీలుంటుంది. చెప్పడంలో అమ్మవారికి అపచారమేమీ లేదని ఇంటి పెద్దావిడకు ఎవరో ఒకరు ఓర్పుగా నచ్చజెప్పాలి. నర్సు చెప్పినదానికన్నా అదే వార్డులో ఇంకొక అమ్మమ్మ చెప్పినది బాగా తలకెక్కుతుంది.

తిండి

అప్పుడే వండింది, వేడిగా ఉన్నది, మూత పెట్టింది. ఈ మూడు మాటల్లో నియమమంతా ఉంది. పచ్చి కూరలు, కోసి ఉంచిన పండ్లు, బండి మీది పదార్థాలు, నిలవ పచ్చళ్ళు వద్దంటారు. తొక్క తీసి తినే అరటిపండు, కమలా చాలాచోట్ల అనుమతిస్తారు. పెరుగు విషయంలో ఆసుపత్రికొక పద్ధతి ఉంది. కాబట్టి అడిగి పెట్టాలి.

కోనసీమ నుంచి చూడవచ్చే బంధువు చేతిలో కొబ్బరి బొండాలు లేకుండా రాడు. లుకేమియా చికిత్స మొదటి రోజుల్లో క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా నశించి రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంటుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. అందుకని ఆ రోజుల్లో ప్రేమతో తెచ్చిన బొండం పక్కన పెట్టించవలసి వస్తుంది.

స్టెరాయిడ్ల ఆకలి వేరు. మధ్యాహ్నం ముద్ద ముట్టని పిల్లవాడు రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని పప్పుచారన్నం, వేయించిన అప్పడం కావాలంటాడు. వార్డులో పొయ్యి ఉండదు. ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్డు ఉడకబెట్టి, ఫ్లాస్కులోని వేడినీళ్ళలో అటుకులు నానబెట్టి పెట్టడం తల్లులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే విద్య. ఆ తరవాతి వారాల్లో నోరు పూస్తుంది. అప్పుడు ఆవకాయ మాట ఎత్తితేనే కళ్ళనీళ్ళు. గంజి, మెత్తటి ఇడ్లీ, చల్లార్చిన రాగిజావ, మీగడ లాంటి మెత్తని పెసరకట్టు దిగుతాయి. ఉప్పునీళ్ళు లేదా సోడా కలిపిన నీళ్ళతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం మందుతో సమానం.

బక్కచిక్కిన బిడ్డ కీమోకు తట్టుకోలేదు, ఇన్ఫెక్షన్లకు త్వరగా లొంగుతుంది. ఇది గుర్తించి కడిల్స్ ఫౌండేషన్ వంటి స్వచ్ఛంద సంస్థలు దేశంలోని పలు క్యాన్సర్ ఆసుపత్రుల్లో పోషకాహార నిపుణులను నియమించి, గుడ్లు, పొడులు, నెలవారీ సరుకులు ఇస్తున్నాయి.

బస

ఆసుపత్రి మెట్ల మీద, రైల్వే ప్లాట్‌ఫారం మీద పడుకునే కుటుంబం చికిత్స మధ్యలో ఊరికి వెళ్ళిపోతుంది. ఈ అనుభవం నుంచి పుట్టినవే ఉచిత బసలు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1974లో మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ తెరిచారు. మన దేశంలో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబయిలో మొదలై, హైదరాబాద్, విశాఖపట్నంతో సహా పలు నగరాలకు విస్తరించింది. ఒక్కో కుటుంబానికి ఒక గది, అందరికీ కలిపి వంటిల్లు, ఆసుపత్రికి వాహనం ఉంటాయి. తమ వంట తాము చేసుకునే పద్ధతి వల్ల బిడ్డకు అలవాటైన ఇంటి రుచి దొరుకుతుంది. ఒకే జబ్బుతో ముందు వచ్చినవారు కొత్తవారికి దారి చూపుతారు.

తోడు ఉండే మనిషి

ఆసుపత్రి ఒక్క అటెండరునే రాత్రి ఉండనిస్తుంది. ఆ ఒక్కరు ఎవరన్నది డెల్టాలో పంటను బట్టి, వలసను బట్టి తేలుతుంది. సార్వా కోతలకో దాళ్వా నాట్లకో కౌలు రైతు ఊరు వెళ్ళక తప్పదు. చేపల, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే తండ్రికి నాలుగు రోజులకు మించి సెలవు ఉండదు. కోనసీమ, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి తల్లులు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన ఇళ్ళల్లో బిడ్డ పక్కన ఉండేది అమ్మమ్మ. సంతకాలు పెట్టేది ఆమె, మందుల పేర్లు గుర్తుంచుకోవలసిందీ ఆమే. అక్షరాలు రాని అమ్మమ్మ మాత్రల రంగుతో, అట్ట మీద వేయించుకున్న సూర్యుడి, చంద్రుడి బొమ్మలతో రెండేళ్ళ చికిత్సను తప్పు లేకుండా నడపగలదు. నర్సు అయిదు నిమిషాలు కూర్చుని ఆ బొమ్మలు వేసివ్వాలి, అంతే.

ఊళ్ళో మిగిలిన తోబుట్టువుల సంగతి సాధారణంగా ఎవరికీ పట్టదు. వాళ్ళు చదువులో వెనకబడడం, పక్క తడపడం, ‘నాకూ జబ్బు చేస్తే బాగుండు’ అనుకోవడం తరచుగా కనిపించేవే. రోజూ ఒకే వేళకు ఫోనులో వీడియో మాట కొంత పనిచేస్తుంది.

నొప్పి, భయం, ఆట

పిల్లలు క్యాన్సర్ కన్నా సూదికి ఎక్కువ భయపడతారు. చేతి నరాలు అయిపోయాక కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) వెయ్యడం రోజుకొక యుద్ధం. ఛాతీ చర్మం కింద అమర్చే కీమో పోర్టు, చేతి నుంచి వెళ్ళే పిక్ లైను ఈ బాధను చాలావరకు తగ్గిస్తాయి. వాటిని శుభ్రంగా ఉంచడం తప్పనిసరి. వెన్నులో సూది వేసే రోజున బిడ్డ పరగడుపున ఉంటుంది. మత్తు లేదా నిద్రమందు ఇచ్చి చెయ్యడం మంచి పద్ధతి. తరవాత కొంతసేపు వెల్లకిలా పడుకోవాలి.

ఆటను కాలక్షేపమనుకోకూడదు. సూది లేని సిరంజితో బొమ్మకు కాన్యులా వేసి ప్లాస్టరు అంటించిన నాలుగేళ్ళ పాప తన చెయ్యి చాచేటప్పుడు తక్కువ ఏడుస్తుంది. సబ్బునీళ్ళతో బుడగలు ఊదించడం వల్ల దీర్ఘంగా శ్వాస విడవడం దానంతటదే వస్తుంది. మెత్తటి బొమ్మల కన్నా తుడవడానికి వీలైన ప్లాస్టిక్ బొమ్మలు నయం. అష్టాచెమ్మా గవ్వలు కడిగి ఆరబెట్టుకోవచ్చు. ఆసుపత్రి మంచం మీద అవి బాగా నడుస్తాయి.

తీవ్రమైన నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో మార్ఫిన్ సురక్షితమైన మందు. చట్టపు చిక్కుల వల్ల అది దొరకడం కష్టంగా ఉండేది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి కొంత సులభం చేశారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. సంస్థ పిల్లలకు ప్రత్యేకంగా ఉపశమన సేవలు అందించడంలో దేశంలో ముందున్నవాటిలో ఒకటి. ఉపశమన వైద్యం చివరి రోజులకే అన్నది అపోహ. నయమయ్యే బిడ్డకూ మొదటి రోజు నుంచే అది అవసరం. (చూ. ఉపశమన వైద్యం.)

చెప్పడమా, దాచడమా

‘రక్తం తక్కువైంది’, ‘రక్తంలో ఇన్ఫెక్షన్’ అని పిల్లలకు చెప్పడం మామూలు. ఆరేడేళ్ళు దాటిన పిల్లలు పక్క మంచం వాళ్ళ మాటలు విని పది రోజుల్లో అసలు పేరు తెలుసుకుంటారు. తెలిసినట్టు పెద్దలకు తెలియనివ్వరు. వయసుకు తగినట్టు నిజం చెప్పడమే మేలని నిపుణుల అభిప్రాయం. ‘ఇది నువ్వు చేసిన తప్పు వల్ల రాలేదు, నీ నుంచి చెల్లికి అంటదు’ అన్న రెండు మాటలు తప్పక చెప్పాలి.

జుట్టు ఊడడం మన ప్రాంతంలో కొంత తేలికగా గడుస్తుంది. అన్నవరం, ద్వారకా తిరుమల, తిరుపతి మొక్కుల పుణ్యమా అని బస్సులో బోడిగుండు చూసి ఎవరూ వింతపడరు; ‘ఏ కొండకి మొక్కు, బాబూ?’ అని మాత్రం అడుగుతారు. కనుబొమలు కూడా రాలినప్పుడే చూపులు మారతాయి.

చదువు

విద్యాహక్కు చట్టం (2009) ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. దీర్ఘకాలం రాలేదని పేరు కొట్టెయ్యకుండా ప్రధానోపాధ్యాయుడికి ఆసుపత్రి ఉత్తరం ముందే పంపాలి. వార్డులో రోజుకు అరగంట చదువు చాలు. పదో తరగతి పిల్లల విషయంలో కీమో తేదీలను పరీక్షలకు అటూ ఇటూ జరపడానికి వైద్యులు సాధారణంగా ప్రయత్నిస్తారు.

ఖర్చు, పథకాలు

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) కింద పిల్లల క్యాన్సర్ చికిత్స నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఉచితం. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రులకూ ఆంధ్రప్రదేశ్ కార్డు వర్తింపజేశారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర దీని పని జరుగుతుంది. ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి సహాయనిధులు ఇతర మార్గాలు. పథకం మందుకు చెల్లిస్తుంది. పోయిన కూలి, గది అద్దె, బస్సు చార్జీ కుటుంబం మీదే పడతాయి. అప్పు పుట్టేది ఎక్కువగా అక్కడే.

రక్తం

ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. అందుకే దాతలు ఒకేసారి గుంపుగా రావడం కన్నా ఊరి యువకులు పేర్లు, ఫోన్లు రాసుకుని వంతులవారీగా రావడం ఉపయోగం. 18 ఏళ్ళు నిండి, 50 కిలోలకు పైబడిన ఆరోగ్యవంతులు ప్లేట్‌లెట్లు ఇవ్వవచ్చు. యంత్రం ద్వారా ప్లేట్‌లెట్లు మాత్రమే ఇచ్చినవారు 48 గంటల తరవాత మళ్ళీ ఇవ్వవచ్చు. ఏడాదికి 24 సార్లు మించరాదు. రక్తసంబంధీకుల నుంచి తీసుకున్న రక్తానికి రేడియేషన్ ప్రక్రియ చెయ్యాలి కాబట్టి బయటి దాతలే మేలు.

ఇంటికి చేరాక

చివరి దశలో బిడ్డ ఊళ్ళోనే ఉండి రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒక్క రోజు మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటుంది. సుబ్బారావు బృందం తయారుచేసిన ఆ మందు భీమవరం చుట్టుపక్కల ఇళ్ళల్లో అలమారు పై అరలో, పిల్లలకు అందని ఎత్తులో ఉంటుంది. దాన్ని పొరబాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. కాబట్టి ఆ వారం పేరు, ఉదాహరణకు ‘శుక్రవారం మాత్ర’ అని, డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయాలి. చికిత్స సాగినన్నాళ్ళూ సజీవ టీకాలు వెయ్యరు. బడికి మాత్రం వైద్యుడు సరేనన్నాక పంపవచ్చు, పంపాలి.

కొన్ని కీమో మందులు గుండె మీద, ఎదుగుదల మీద, సంతాన సామర్థ్యం మీద ఏళ్ళ తరవాత ప్రభావం చూపగలవు. డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత మోతాదు పడిందన్నది ముప్పై ఏళ్ళ వయసులో గుండె వైద్యుడు అడిగే ప్రశ్న. ప్రసవ సమయంలో కూడా అడుగుతారు. దానికి జవాబు ఆసుపత్రి ఫైలులో ఉంటుంది. చికిత్స ముగిసిందని ఆ ఫైలు పారెయ్యకూడదు. వరదకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ప్రతి పుటనూ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.